విస్టాకు తిట్లు, సెవెన్‌కు దండలు: విండోస్ వెర్షన్లను పోల్చడంలో జరిగే పొరపాటు

విండోస్ వెర్షన్ల గురించి జనంలో ఒక లెక్క పాతుకుపోయింది. ఒకటి బాగుంటే దాని తరువాతది బాగోదు, మళ్లీ ఆ తరువాతది బాగుంటుంది. 98 మంచిది, ఎంఈ చెత్త. ఎక్స్‌పీ బంగారం, విస్టా దండగ. సెవెన్ భేష్, ఎయిట్ తలనొప్పి. టెన్ ఫర్వాలేదు, కాబట్టి ఎలెవెన్ జోలికి పోకపోవడమే మేలు. సరి బేసి చూసుకుని కంప్యూటర్ కొనే పద్ధతి ఇది.

ఈ లెక్క కుదరాలంటే కొన్నిటిని వరుసలోంచి తప్పించాలి. బాగుందని పేరున్న విండోస్ 2000ని కలిపితే వరుస అక్కడే తెగిపోతుంది. 8.1 విడి వెర్షనా, ఎయిట్‌కు తోకా అన్నది ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు తేల్చుకుంటారు. ఇదంతా చిన్న తిరకాసే. పెద్ద తిరకాసు పోల్చే తీరులోనే ఉంది. కొత్త వెర్షన్‌ను అది విడుదలైన మొదటి నెలల్లో చూస్తారు. పాత వెర్షన్‌ను మాత్రం అయిదారేళ్లు మరమ్మతులు జరిగి, డ్రైవర్లూ (ప్రింటర్, గ్రాఫిక్స్ కార్డు లాంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) ప్రోగ్రాములూ దానికి తగ్గట్టు కుదురుకున్నాక ఎలా ఉందో అలా గుర్తుపెట్టుకుంటారు. ఆ రెండిటినీ పక్కపక్కన నిలబెట్టి ఏది గొప్పదని అడిగితే జవాబు ముందే ఖాయం. కొత్త వింత, పాత రోత అంటారు గానీ ఆపరేటింగ్ సిస్టమ్‌ల దగ్గర ఆ సామెత తిరగబడుతుంది.

ఎక్స్‌పీనే తీసుకుందాం. 2001 అక్టోబర్ 25న విడుదలైన ఎక్స్‌పీ వేరు, ఇప్పటికీ జనం ఆప్యాయంగా తలుచుకునే ఎక్స్‌పీ వేరు. వచ్చిన కొత్తలో దాని నీలం, ఆకుపచ్చ రంగుల ముఖం పిల్లల ఆటబొమ్మలా ఉందని వెక్కిరించినవాళ్లు తక్కువేమీ కాదు. నెట్ నుంచి వచ్చే దాడులను అడ్డుకునే ఫైర్‌వాల్ ఉండేది గానీ, వాడేవాడు వెతికి పట్టుకుని ఆన్ చేస్తే తప్ప పనిచేసేది కాదు. దాని ఫలితం 2003 ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ (నెట్ ద్వారా తనంతట తానే పాకే వైరస్) రూపంలో కనిపించింది. ఏ ఫైలూ తెరవకుండా, ఏ లింకూ నొక్కకుండా, ఊరికే నెట్‌కు కలిపి ఉంచిన మిషన్ మీద హఠాత్తుగా 60 సెకన్ల కౌంట్‌డౌన్ మొదలై రీస్టార్ట్ అయ్యేది. ఏడాది తరువాత, 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 (మరమ్మతులన్నీ కలిపిన మూట)తో ఫైర్‌వాల్ దానంతటదే ఆన్ అయి ఉండే పద్ధతి వచ్చింది. భద్రతకు సంబంధించి లోపల చాలా భాగాలు మారాయి. పేరు మారలేదు గానీ, మరో కంపెనీ అయితే దాన్నే కొత్త వెర్షన్ అని అమ్ముకునేది. జనం మెచ్చిన ఎక్స్‌పీ ఇదీ.

అయినా ఎక్స్‌పీ అసలు ఘనత దాని ముఖంలోనూ లేదు, సర్వీస్ ప్యాక్‌లోనూ లేదు. దానికి ముందు మైక్రోసాఫ్ట్ రెండు వంశాలను నడిపింది. ఇళ్లలో వాడే 95, 98, ఎంఈ ఒక వంశం. వాటి వేళ్లు ఆదేశాలు టైప్ చేసి నడిపే పాత సిస్టమ్ డాస్‌లో ఉన్నాయి. 1993లో బయటికొచ్చిన ఎన్‌టీ రెండో వంశం. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ నుంచి వచ్చిన డేవ్ కట్లర్ ఆధ్వర్యంలో దాని కెర్నల్‌ను, అంటే మెమరీనీ హార్డ్‌వేర్‌నూ నడిపే లోపలి గుండెకాయను, డాస్‌తో సంబంధం లేకుండా కొత్తగా రాశారు. 1996లో ఎన్‌టీ 4.0 వచ్చేసరికి పైకి చూస్తే రెండు వంశాలూ కవల పిల్లల్లా ఉండేవి. అదే స్టార్ట్ బటన్, అదే టాస్క్‌బార్. లోపల మాత్రం పోలికే లేదు. 95 వంశంలో సిస్టమ్‌కు చెందిన మెమరీలో కొంత భాగం అన్ని ప్రోగ్రాములకూ తెరిచే ఉండేది. ఏదో ఒక ప్రోగ్రాము పొరపాటున అందులో చెయ్యి పెడితే మొత్తం మిషన్ కూలిపోయేది. ఎన్‌టీలో ఒక ప్రోగ్రాము చచ్చిపోతే అదొక్కటే చచ్చిపోతుంది.

మరి 95ను అంత బలహీనంగా ఎందుకు కట్టారు? కట్టిన కాలం అలాంటిది. 1995 ఆగస్టులో 95 నడవడానికి 4 ఎంబీ ర్యామ్ చాలని చెప్పారు. అదే కాలపు ఎన్‌టీకి కనీసం 12 ఎంబీ కావాలి. ఆ రోజుల్లో ఇళ్లలోని కంప్యూటర్లకు అంత ర్యామ్ అరుదు. పైగా జనం చేతిలో ఉన్న డాస్ గేములూ, పాత 16 బిట్ ప్రోగ్రాములూ, పాత డ్రైవర్లూ ఏవీ ఆగిపోకూడదు. ఆ షరతులను దృష్టిలో పెట్టుకుని చూస్తే 95 పనితనం అబ్బురమే. 255 అక్షరాల దాకా ఫైల్ పేర్లు, పరికరం తగిలించగానే గుర్తుపట్టే ప్లగ్ అండ్ ప్లే, స్టార్ట్ మెనూ అన్నీ ఆ కొద్ది చోటులోనే ఇమిడాయి. ప్లగ్ అండ్ ప్లే కుదురుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. 1998 ఏప్రిల్‌లో, ఇంకా విడుదల కాని 98ని బిల్ గేట్స్ సమక్షంలో వేదిక మీద చూపిస్తూ స్కానర్ తగిలించగానే సిస్టమ్ కూలిపోయి నీలం తెర (బ్లూ స్క్రీన్) వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే.

ఎంఈ గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. ఎన్‌టీ కెర్నల్‌ను ఇళ్లకు తేవడం ఆలస్యమైంది కాబట్టి 2000 సెప్టెంబర్‌లో మధ్యలో ఇరికించిన వెర్షన్ అది. అయితే సిస్టమ్ రిస్టోర్ అనే సదుపాయం మొదట కనిపించింది అందులోనే.

విస్టా మీద పడ్డ నిందలు

అయిదేళ్లకు పైగా ఎదురుచూపుల తరువాత 2007 జనవరి 30న విస్టా మార్కెట్లోకి వచ్చింది. ఆలస్యానికి కారణాలు ఉన్నాయి. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 కోసం చాలామంది ఇంజనీర్లను అటు మళ్లించారు. మరోపక్క లాంగ్‌హార్న్ అనే పేరుతో సాగుతున్న పని అదుపు తప్పింది. 2004లో అప్పటిదాకా రాసినదాంట్లో చాలాభాగం పక్కన పెట్టి, సర్వర్ 2003 కోడ్ పునాదిగా మళ్లీ మొదలుపెట్టారు. ఫైళ్లను డేటాబేస్‌లా వెతుక్కునేందుకు గొప్పగా ప్రకటించిన విన్‌ఎఫ్ఎస్ అటకెక్కింది.

అయినా విస్టా చేసిన రెండు మార్పులు లేకపోతే ఆ తరువాతి విండోస్‌లు ఏవీ ఇలా ఉండేవి కావు.

మొదటిది అడ్మిన్ హక్కుల సంగతి. ఎక్స్‌పీలో ఇంటి వాడకందారు మామూలుగా అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోనే ఉండేవాడు. అతను నడిపే ప్రతి ప్రోగ్రాముకూ సిస్టమ్ మీద పూర్తి పెత్తనం. అతనికి తెలియకుండా దూరిన మాల్వేర్‌కూ అదే పెత్తనం. ప్రోగ్రాములు రాసేవాళ్లు కూడా దీనికి బాగా అలవాటుపడిపోయారు. సెట్టింగులు దాచుకోవడానికి కూడా ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాసేసేవాళ్లు. విస్టాలో వచ్చిన యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) దీన్ని ఆపింది. అడ్మిన్ ఖాతాలో ఉన్నా ప్రోగ్రాములు మామూలు హక్కులతోనే నడుస్తాయి. అంతకు మించి కావాలంటే తెర మసకబారి అనుమతి అడుగుతుంది. పాత ప్రోగ్రాములన్నీ అవసరం లేకపోయినా పై హక్కులు అడిగే రకం కాబట్టి మొదటి రోజుల్లో నిమిషానికోసారి ఆ పెట్టె వచ్చేది. జనం విస్టాను తిట్టారు. ప్రోగ్రాములు రాసినవాళ్లను తిట్టలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. ఆ చిరాకు భరించలేకనే రెండు మూడేళ్లలో ప్రోగ్రాములు రాసే తీరు మారింది.

రెండోది డ్రైవర్ల సంగతి. 1996లో ఎన్‌టీ 4.0 వేగం కోసం గ్రాఫిక్స్ వ్యవస్థను కెర్నల్ లోపలికి తీసుకెళ్లింది. వేగం వచ్చింది గానీ, డిస్‌ప్లే డ్రైవర్‌లో చిన్న తప్పు దొర్లినా బ్లూ స్క్రీన్ తప్పేది కాదు. విస్టా కొత్త డ్రైవర్ పద్ధతి తెచ్చి అందులో ఎక్కువ భాగాన్ని కెర్నల్ బయటికి తోసేసింది. ఇవాళ గ్రాఫిక్స్ డ్రైవర్ మొరాయిస్తే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వచ్చేస్తుంది, పని పోదు. ఆ హాయి విస్టాతో మొదలైంది. కానీ దానికోసం తయారీదారులందరూ డ్రైవర్లను కొత్తగా రాయాల్సి వచ్చింది, విడుదల రోజుకు చాలామంది సిద్ధంగా లేరు. విస్టాను నడపగలదంటూ కంప్యూటర్ల మీద అంటించిన ‘విస్టా క్యాపబుల్’ స్టిక్కర్ల మీద నడిచిన కోర్టు దావాలో బయటికొచ్చిన పత్రాల్లో 2007 నాటి క్రాష్‌ల లెక్క ఒకటి ఉంది. అందులో గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా డ్రైవర్ల వాటా 28 శాతానికి పైగా ఉంటే, మైక్రోసాఫ్ట్ సొంత కోడ్ వాటా 18 శాతం లోపే.

ఆ స్టిక్కర్ల కథ మాత్రం పూర్తిగా మైక్రోసాఫ్ట్ స్వయంకృతం. విస్టా అందానికి మూలమైన ఏరో గాజు తెరలను నడపలేని మిషన్ల మీద కూడా ‘క్యాపబుల్’ అని అంటించుకోనిచ్చారు. 512 ఎంబీ ర్యామ్ ఉన్న మిషన్‌లో విస్టా వేసి, పైన వెతుకులాట కోసం ఫైళ్ల జాబితా తయారుచేసే ఇండెక్సింగ్ కూడా హార్డ్‌డిస్క్‌ను గీకుతూ ఉంటే పాపం వాడేవాడు ఏం చేస్తాడు? ఫైళ్ల కాపీ కూడా నత్తనడకగా ఉండేది. అది 2008లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో చాలావరకు సర్దుకుంది. అప్పటికే పేరు పోయింది.

పేరు ఎంతగా పోయిందో తెలియడానికి 2008లో మైక్రోసాఫ్ట్ చేసిన మోహావే ప్రయోగం చాలు. విస్టా అంటే పడనివాళ్లను పిలిచి, మోహావే అనే రాబోయే విండోస్ ఇదిగో అని చూపించారు. వాళ్లు బాగుందన్నారు. తీరా అది విస్టాయే. ఇది కంపెనీ సొంత ప్రచారం, మంచి మిషన్ మీద వాళ్లే ఏర్పాటు చేసిన ప్రదర్శన కాబట్టి రుజువుగా పనికిరాదు. అయినా పేరుకూ పనితీరుకూ మధ్య ఎడం ఏర్పడిందని వాళ్లకే తెలుసని దీనివల్ల అర్థమవుతుంది.

2009 అక్టోబర్ 22న సెవెన్ వచ్చింది. పెట్టె మీద 7 అని ఉన్నా లోపలి నంబర్ 6.1. విస్టా 6.0. ఈ నంబర్ వెనక పెద్ద రహస్యమేమీ లేదు. ఎక్స్‌పీ 5.1 నుంచి విస్టా 6.0కు మారినప్పుడు, వెర్షన్ నంబర్‌లో మొదటి అంకె చూసి ‘ఇది నాకు తెలియని విండోస్’ అని మొండికేసిన ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. మళ్లీ ఆ గొడవ ఎందుకని మొదటి అంకెను ముట్టుకోలేదు. అనుకోకుండానే ఆ నంబర్ నిజం చెప్పింది. సెవెన్ పునాది విస్టాదే. విస్టా కోసం రాసిన డ్రైవర్లు దాదాపు అన్నీ దాంట్లో నడిచాయి, అప్పటికి వాటికి రెండున్నరేళ్ల వయసు వచ్చింది. యూఏసీ నాలుగు మెట్ల స్లయిడర్ అయింది. తెర మీది ఒక్కో విండో తినే మెమరీ దాదాపు సగానికి తగ్గింది. టాస్క్‌బార్ నిజంగా మెరుగైంది. ఇవన్నీ సెవెన్ కష్టమే, కాదనలేం. కానీ ఈలోగా కొత్త కంప్యూటర్లలో 2 నుంచి 4 జీబీ ర్యామ్ మామూలైపోయింది, పాత ప్రోగ్రాములు అడ్మిన్ హక్కులు అడగడం మానేశాయి. విస్టా దున్ని విత్తిన పొలంలో సెవెన్ కోత కోసుకుంది.

ఎయిట్ తప్పు వేరే రకం

సరి బేసి లెక్కవాళ్లు విస్టానూ ఎయిట్‌నూ ఒకే గాటన కడతారు. అవి ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు. విస్టాలో పునాది కదిలింది, ముఖం బాగానే ఉంది. ఎయిట్‌లో పునాది గట్టిగానే ఉంది, ముఖం చెడింది. 2012 అక్టోబర్ 26న వచ్చిన ఎయిట్‌కు కావలసిన ర్యామ్ సెవెన్‌కు కావలసినంతే. డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా మారి దాంతోనే వచ్చింది. అంతకుముందు డిఫెండర్ స్పైవేర్‌ను మాత్రమే పట్టేది. కొత్త టాస్క్ మేనేజర్, మధ్యలో ఆపి మళ్లీ నడిపించుకోగల ఫైల్ కాపీ కూడా అందులోవే.

బూట్ వేగం గురించి ఒక ముక్క చెప్పాలి. ఎయిట్ నుంచి షట్‌డౌన్ అంటే పూర్తి షట్‌డౌన్ కాదు. కెర్నల్ స్థితిని డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే దాన్ని తిరిగి చదువుకుంటుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం అన్నీ మొదటినుంచి లోడ్ అవుతాయి. రాత్రి ఆపేసి పొద్దున ఆన్ చేసినా పోని సమస్య ఒక్క రీస్టార్ట్‌తో పోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

ఇంత చేసి, స్టార్ట్ బటన్ తీసేశారు. మౌస్, కీబోర్డ్ ముందు కూర్చున్న మనిషికి టాబ్లెట్ కోసం తయారైన పలకల తెర చూపించారు. షట్‌డౌన్ ఎక్కడుందో తెలియక జనం నానా తంటాలు పడ్డారు. ఏడాదికి 8.1లో బటన్ తిరిగొచ్చింది గానీ, నొక్కితే అదే పలకల తెర. మెనూ తిరిగొచ్చింది టెన్‌లోనే. విస్టా తప్పులు చాలావరకు కాలమే సర్దింది. ఎయిట్ తప్పు అలా సర్దుకునే రకం కాదు. వాడేవాళ్ల చేతి అలవాటును ఖాతరు చేయకుండా తీసుకున్న నిర్ణయం అది.

2015 జులై 29న వచ్చిన టెన్‌తో పోలిక మరింత చిక్కుపడింది. ఇదే ఆఖరి విండోస్ అని కంపెనీ సమావేశంలో ఒక ఉద్యోగి అన్నమాట ఊరంతా పాకింది. ఏడాదికి రెండుసార్లు పెద్ద అప్‌డేట్లు ఇస్తూ ఒకే పేరుతో నడిపించాలన్నది ఆలోచన. మొదటి టెన్ బిల్డ్ (లోపలి కూర్పు నంబర్) 10240, చివరిది 19045. ‘టెన్ బాగుంటుంది’ అనేవాళ్లు ఏ టెన్ గురించి అంటున్నారు? 2018 అక్టోబర్ అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను తుడిచిపెట్టేయడంతో పంపిణీని కొన్ని రోజులకే ఆపేయాల్సి వచ్చింది. అదీ టెన్నే. ఏళ్ల తరబడి తొణకకుండా నడిచిన ఆఖరి పెద్ద అప్‌డేట్ 22హెచ్2 కూడా టెన్నే.

హోమ్ ఎడిషన్‌లో అప్‌డేట్లు వద్దనే వీలు తీసేయడం టెన్ మీద జనానికున్న పెద్ద ఫిర్యాదు. పని మధ్యలో రీస్టార్ట్ అయిపోయి సేవ్ చేయని ఫైల్ పోతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. దీనికి రెండో పక్క 2017 మే నెలలో కనిపించింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వార్మ్ దాడి వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం ఆ మరమ్మతు వేసుకోని సెవెన్ మిషన్లు. వద్దనే స్వేచ్ఛ ఉంటే ఏమవుతుందో ఆ వారంలో తేలింది. బలవంతం సమంజసమే గానీ, చేసిన తీరు మొరటుగా ఉందనడమే న్యాయం.

ర్యామ్ లెక్క చెప్పే సంగతి

విండోస్ వచ్చినకొద్దీ బరువెక్కుతూ పోతోందన్నది మరో నమ్మకం. కంపెనీ చెప్పిన కనీస ర్యామ్‌లు వరసగా చూస్తే: 95కు 4 ఎంబీ, 98కు 16, ఎక్స్‌పీకి 64, విస్టాకు 512. పన్నెండేళ్లలో 128 రెట్లు. ఆ తరువాత సెవెన్, ఎయిట్, టెన్ మూడింటికీ ఒకే అంకె, 32 బిట్‌కు 1 జీబీ, 64 బిట్‌కు 2 జీబీ. 2021లో ఎలెవెన్‌కు 4 జీబీ. అంటే సెవెన్ తరువాతి పన్నెండేళ్లలో పెరిగింది రెండు రెట్లే. కనీస ర్యామ్‌తో ఏదీ హాయిగా నడవదు, అది వేరే మాట. టెన్ కాలంలో మిషన్ నెమ్మదించిందంటే తప్పు విండోస్ కన్నా బ్రౌజర్‌దే ఎక్కువగా ఉంటుంది.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. సెవెన్ ఉన్న పాత మిషన్ పడేసి టెన్ ఉన్న కొత్తది కొన్నవాళ్లు ‘టెన్ రాకెట్‌లా ఉంది’ అన్నారు. మారింది విండోసే కాదు, హార్డ్‌డిస్క్ పోయి అంతకన్నా చాలా వేగమైన ఎస్ఎస్‌డీ వచ్చింది. రెండు వెర్షన్ల వేగం తేల్చాలంటే ఒకే మిషన్ మీద, ఒకే డిస్క్ మీద, రెండిటినీ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, ఇండెక్సింగ్ సద్దుమణిగాక చూడాలి. మూడేళ్లుగా వాడి చెత్త పేరుకున్న పాతదానితో, నిన్న వేసిన కొత్తదాన్ని పోలిస్తే కొత్తదే గెలుస్తుంది.

2021 అక్టోబర్ 5న వచ్చిన ఎలెవెన్ లోపలి నంబర్ ఇప్పటికీ 10.0 అని చూపిస్తుంది, బిల్డ్ 22000తో మొదలైంది. విస్టా, సెవెన్‌ల మధ్య ఎడం కన్నా టెన్, ఎలెవెన్‌ల మధ్య ఎడం పెద్దదేమీ కాదు. టాస్క్‌బార్‌ను తిరగరాశారు, ఆ రాతలో కొన్ని జారిపోయాయి. ఫైల్‌ను టాస్క్‌బార్ మీదికి లాగి వదలడం 2022లో తిరిగొచ్చింది, ఒక్కో విండోకూ విడి బటన్ ఉండడం 2023లో వచ్చింది. రైట్ క్లిక్ మెనూ కురచగా తయారై, అలవాటైన పనికి ఇంకో క్లిక్ అడుగుతుంది. ఇవి చిరాకులే తప్ప పునాది లోపాలు కావు.

ఎలెవెన్‌లో నిజంగా పెద్ద మార్పు మిషన్ల ఎంపిక. భద్రతా చిప్ టీపీఎం 2.0 ఉండాలి, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే మిషన్ మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్‌కు వీలుండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే. ఎనిమిదో తరం వచ్చింది 2017లో. అంటే విడుదల నాటికి నాలుగయిదేళ్ల వయసున్న, నిక్షేపంగా పనిచేస్తున్న మిషన్లు కూడా గీత కిందికి పోయాయి. తాళంచెవులను చిప్‌లో దాచడం, కెర్నల్‌లోని కీలక భాగాలను వేరు గదిలో ఉంచి కాపాడడం లాంటివి అందరి దగ్గరా ఉంటాయన్న నమ్మకంతో ముందుకెళ్లడానికి ఇది అవసరమని కంపెనీ వాదన. సాంకేతికంగా ఆ వాదనలో బలం ఉంది. విస్టాకు కూడా ఇలాగే గట్టి మిషన్ అవసరమైంది గానీ, అది పాత మిషన్లను లోపలికి రానిచ్చి చెడ్డపేరు తెచ్చుకుంది. ఎలెవెన్ వాటిని గుమ్మం దగ్గరే ఆపేసింది. అందుకే ‘ఎలెవెన్ స్లో’ అన్న ఫిర్యాదు కన్నా ‘నా మిషన్‌లో ఎక్కదట’ అన్న ఫిర్యాదే ఎక్కువ వినిపిస్తుంది.

2025 అక్టోబర్ 14తో టెన్‌కు మామూలు సపోర్ట్ ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే మరో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా మరమ్మతులు అందుతాయి. ఎలెవెన్ ఎక్కని మిషన్ ఉన్నవాళ్లకు టెన్ మంచిదా, ఎలెవెన్ మంచిదా అన్న పోలికతో పనిలేదు. వాళ్లు పోల్చుకోవాల్సింది మరమ్మతులు ఆగిపోయిన టెన్‌నూ, అదే మిషన్‌లో ఎక్కే మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌నూ, కొత్త మిషన్ ఖర్చునూ.